పెద్ద నగరంలో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కి ఎంత అవుతుంది? ఒక్కో క్లినిక్ ఒక్కో రేటు ఎందుకు చెబుతోంది?

మీ వయసు 26 అన్నారు. నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి పోయిందని, ఒకే నగరంలో రెండు క్లినిక్‌లకు వెళ్తే ఒకరు చెప్పినదానికి మూడింతలు రెండోవారు చెప్పారని, అంత డబ్బు ఈఎంఐలో కట్టాలా అని అడిగారు. నేను చేయించుకుని కొన్నేళ్లయింది. నన్నడిగితే మొత్తం ఎంత అన్నది తర్వాత చూడొచ్చు. ముందు ఆ డబ్బుకి ఎన్ని గ్రాఫ్టులు, అవి ఎవరు తీస్తారు, ఎవరు పెడతారు అన్నది కాగితం మీద రాయించుకోండి. అది లేకుండా ఆ రెండు రేట్లనూ పోల్చి చూసి లాభం లేదు.

గ్రాఫ్టు అంటే తల వెనక నుంచి తీసి బట్టతల మీద నాటే ఒక కుదురు. ఒక్కో కుదురులో ఒకటి నుంచి నాలుగు దాకా వెంట్రుకలుంటాయి, సగటున రెండు పైచిలుకు. అంటే 2000 గ్రాఫ్టులు పెడితే 4000కు పైగా వెంట్రుకలు వచ్చినట్టు. అసలు మెలిక ఇక్కడే ఉంది. నాకు ఒకచోట ఇచ్చిన కొటేషన్‌లో గ్రాఫ్టులని కాకుండా ‘యూనిట్లు’ అని రాశారు. యూనిట్ అంటే ఏంటండీ అని గుచ్చి గుచ్చి అడిగితే, కౌన్సెలర్ రెండుసార్లు మాట దాటేసి చివరికి వెంట్రుకల లెక్క అని ఒప్పుకుంది. కుదుళ్లలోకి మార్చి చూస్తే, చవక అనిపించిన ఆ రేటు రెండో క్లినిక్ కంటే ఎక్కువే పడింది.

ఇక ఎవరు చేస్తారన్నది. ఎఫ్‌యూఈ అనే పద్ధతిలో ఒక మిల్లీమీటరు లోపు వెడల్పున్న పంచ్‌తో, అంటే గుండ్రటి చిన్న కోత పరికరంతో, తల వెనక నుంచి ఒక్కో కుదురునీ విడివిడిగా తీస్తారు. చర్మం లోపల వెంట్రుక ఏ వాలులో ఉందో పైకి కనబడదు. చెయ్యి కాస్త తప్పితే కుదురు తెగిపోతుంది, తెగింది మళ్లీ మొలవకపోవచ్చు. రెండు వేల గ్రాఫ్టులకు దాదాపు రోజంతా పడుతుంది. డాక్టరు ఆ రోజుకి ఒక్క పేషెంటునే పెట్టుకుని కూర్చుంటే రేటు పెరుగుతుంది. డాక్టరు వచ్చి పెన్నుతో గీత గీసి వెళ్లిపోయి, టెక్నీషియన్లే ఒకేసారి ముగ్గురు నలుగురికి చేసేస్తుంటే రేటు తగ్గుతుంది. మీకు చెప్పిన మూడింతల తేడాలో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే వచ్చి ఉంటుందని నా అనుమానం. మిగతాది అద్దె, ప్రకటనలు, కౌన్సెలర్ల కమీషన్. ఖరీదైన ఏరియాలో అద్దాల మేడ కట్టినంత మాత్రాన కుదురు బాగా పట్టుకోదు కదా. ఎఫ్‌యూటీ పద్ధతిలో వెనక నుంచి సన్నటి చర్మం పట్టీ కోసి కుట్లు వేస్తారు, గీతలా మచ్చ మిగులుతుంది. చాలాచోట్ల గ్రాఫ్టుకి ఇంత అని లెక్కేస్తే అది కాస్త తక్కువే పడుతుంది. జుట్టు మరీ పొట్టిగా కత్తిరించుకునే అలవాటు లేనివాళ్లు దాన్ని ఊరికే కొట్టిపారేయక్కర్లేదు.

నాకు చేసిన రోజు మధ్యలో విరామం ఇచ్చినప్పుడు, తీసిన గ్రాఫ్టులు చూపించమని అడిగాను. చల్లటి పళ్లెంలో తడి గాజుగుడ్డ మీద పది పది చొప్పున వరసలుగా పేర్చి ఉన్నాయి. ఒంటి వెంట్రుకవి వేరే పళ్లెంలో పెట్టారు. నుదుటి అంచున అవి పెడితేనే సహజంగా కనిపిస్తుంది, రెండు మూడు వెంట్రుకలవి ముందు పెడితే బ్రష్‌లా ఉంటుంది అని నర్సమ్మ ఓపిగ్గా చెప్పింది. సాయంత్రానికి సింగిల్స్ ఎన్ని, డబుల్స్ ఎన్ని, ట్రిపుల్స్ ఎన్ని అని రాసి సంతకం పెట్టిన షీటు చేతికిచ్చారు. ఆ షీటు ఇస్తారా లేదా అని అడ్వాన్సు కట్టకముందే అడగండి. తటపటాయిస్తే అక్కడ చేయించుకోవద్దు.

‘అన్‌లిమిటెడ్ గ్రాఫ్టులు, ఒకటే ధర’ అనే ప్యాకేజీల జోలికి అసలు పోకండి. ఏ తలకైనా వెనక ఉన్న జుట్టే పెట్టుబడి, వాడేసింది తిరిగి రాదు. నాకు తెలిసిన ఒకతను ఇలాంటి ప్యాకేజీలో చేయించుకున్నాడు. ముందు కొంత నిండింది గానీ వెనకంతా చిమటలు కొట్టేసినట్టు మిగిలింది. దాన్ని సరిచేయడానికి గడ్డం నుంచి కుదుళ్లు తీసి పెట్టాల్సి వచ్చింది. ఆ రెండో ఖర్చు మొదటిదాన్ని మించిపోయింది. అతన్ని చూసినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది.

కొటేషన్‌లో కనబడని ఖర్చులూ ఉంటాయి. రక్త పరీక్షలు, మందులు, మీరు వేరే ఊరి వాళ్లయితే మొదటి తలస్నానానికీ చెకప్‌లకీ వచ్చి ఉండే ఖర్చు. పీఆర్‌పీ (మన రక్తం నుంచే ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని వేరుచేసి తలలో ఇంజెక్షన్ చేయడం) చేయించకపోతే గ్రాఫ్టులు బతకవని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి, అది తప్పనిసరేమీ కాదు.

అన్నిటికంటే ఎక్కువ కాలం సాగేది మందుల ఖర్చు. వెనక నుంచి తెచ్చిన కుదురు ఎక్కడ నాటినా, బట్టతలకు లొంగని తన గుణం పోగొట్టుకోదని నార్మన్ ఓరెంట్రైక్ అనే అమెరికన్ డాక్టరు 1959లోనే రాశారు. ఈ సర్జరీ అంతా దాని మీదే నిలబడింది. కానీ పక్కనున్న పాత జుట్టుకు ఆ గుణం లేదు, డీహెచ్‌టీ అనే హార్మోన్ ప్రభావానికి అది పలచబడుతూనే ఉంటుంది. దాన్ని నిలబెట్టడానికే ఫినాస్టరైడ్, మినాక్సిడిల్ లాంటివి ఏళ్ల తరబడి వాడమంటారు. ఫినాస్టరైడ్‌తో కొద్దిమందికి లైంగిక సమస్యలు వస్తాయి కాబట్టి చర్మ వైద్యులతో మాట్లాడకుండా మొదలుపెట్టొద్దు. నెలకయ్యే మందుల ఖర్చుని కనీసం పదేళ్లకు గుణించి చూసుకోండి.

26కి మీ బట్టతల ఎంతవరకు వెళ్తుందో ఇంకా తేలి ఉండదు. ఇప్పుడే నుదుటి మీది జుట్టు అంచుని కిందికి దింపి గ్రాఫ్టులన్నీ అక్కడే పోసేస్తే, రేపు నడినెత్తి ఖాళీ అయ్యాక పెట్టడానికి వెనక ఏమీ మిగలదు. నేను మీ స్థానంలో ఉంటే ముందు ఒక ఏడాది మందులు వాడతాను. నెలనెలా ఒకే వెలుతురులో, ఒకే కోణంలో ఫొటోలు తీసి పెట్టుకుంటాను. రాలడం ఆగితే అప్పుడు కావాల్సిన గ్రాఫ్టులూ తగ్గొచ్చు, బిల్లూ తగ్గొచ్చు.

ఈఎంఐ సంగతంటారా, నేనైతే వద్దంటాను. నాటిన వెంట్రుకలు మొదటి నెలలోనే చాలావరకు రాలిపోతాయి, కుదురు మాత్రం లోపలే ఉంటుంది. మొలక మూడు నాలుగు నెలలకు మొదలై, పూర్తిగా తెలియడానికి ఏడాది పడుతుంది. అద్దంలో ముందుకంటే పలచగా కనబడే ఆ నెలల్లో వాయిదాలు కూడా కట్టాల్సి రావడం మనసుకి చాలా కష్టం. ‘జీరో వడ్డీ’ అంటే ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో అడగండి, వడ్డీ ఎక్కడ కలిపారో తెలిసిపోతుంది.

ఆ రెండు కొటేషన్లలో గ్రాఫ్టులని రాశారో వెంట్రుకలని రాశారో, తీసేది డాక్టరో కాదో కనుక్కుని ఇక్కడ పెట్టండి. నాకు తెలిసినంతలో చూసి చెబుతాను.