ఊఁ కొట్టే మనిషి

చిత్తూరు

అమ్మణ్ణీ,

నీ కవిత నాలుగు పేజీలు. దాన్ని ఎట్లా ఆడించాలో రాసిన పథకం ఆరు పేజీలు. అక్కడే నాకు ఒళ్ళు మండింది. పొగ మిషను, వెనక తెర మీద వీడియో, ముందే రికార్డు చేసిన గొంతు, దానికి పెదాలు కదిపే పన్నెండు మంది పిల్లలు. ఇదంతా 'యూనివర్సిటీ హాస్టళ్ళను ఒక్కటి చేయడానికి' అన్నావు. చీకట్లో కూచోబెట్టి, నోరు మూయించి ఒక్కటి చేస్తావా?

'మా గదిలో నాలుగు మంచాలు, నాలుగు ఊళ్ళ దాహం' అన్న పాదం బాగుంది. ఆ తర్వాత ఒక్క మనిషీ కనబడలేదు. అంతా ఆకాశం, నిశ్శబ్దం, రెక్కలు.

మన పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం చూసినావా? పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడి వేషం కట్టినాయన పద్యాలు పాడుతూ తపసు మాను ఎక్కుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు కింద తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు, ఆయన విసిరే నిమ్మకాయ తమ మీద పడాలని. ఆయన శ్రుతి తప్పినా ఎవరూ లేచిపోరు. వాళ్ళకు ఆ పద్యంలో పని ఉంది.

ఎమ్మే చదివేటప్పుడు నేనూ కరువు మీద ఒక దీర్ఘకవిత రాసి హాలులో ఆడించినాను. ముందు వరుస ఆవలిస్తుండగా కరెంటు పోయింది. మైకు లేదు, గొంతు చించుకుంటున్నాను. టీ ఇచ్చేదానికి వచ్చిన మెస్సు వంటాయన వెనకనుంచి, నాయనమ్మ కథకు కొట్టినట్టు, ఊఁ కొట్టడం మొదలుపెట్టినాడు. నేను 'రైతు ఆక్రోశం' అన్నాను.

"ఆక్రోశమంటే ఏంది సామీ?"

నాకు తోచలేదు. "బోరు ఎండిపోయింది" అన్నాను.

"ఎన్నడుగులు?"

నేను నోరు తెరిచేలోగా చీకట్లోనుంచి ఒకడు "మాది రెండొందలు" అన్నాడు. ఇంకొకడు "మాది మూడొందల ఇరవై, రాయి తగిలింది" అన్నాడు. రెండేళ్ళు ఒకే పంక్తిలో తిన్న పిల్లలు ఒకరి ఊరు ఒకరు తెలుసుకున్నది ఆ రాత్రే.

ఏ పత్రికకు పంపాలని అడిగినావు గదా, ఆ మాట నన్నడగొద్దు. ఆ వంటాయన ప్రశ్నలన్నీ కలిపి రాసి పంపితే, సంపాదకుడొకాయన వాటినే కోసేసి ఆక్రోశాన్ని అచ్చేసినాడు. ఇప్పటికీ ఆ సంచిక నా ఇంట్లో పెట్టలేదు.

బుర్రకథలో కథకుడికి ఇద్దరు వంతలుంటారు, ఒకాయన రాజకీయం, ఒకాయన హాస్యం. ప్రశ్న అడిగి కథను నిలబెట్టేది వాళ్ళే. నీ కవితలో వంత లేదు. 'నాలుగు మంచాలు' దగ్గర ఆపు. ఎవరో ఒకరు "ఏ ఊళ్ళమ్మా?" అని అడగాలి. జవాబు నువ్వు రాయొద్దు, ఖాళీ వదులు. 1954 నుంచి ఎస్వీ యూనివర్సిటీకి సీమ పల్లెల పిల్లలు వస్తూనే ఉన్నారు, ఆ ఖాళీ నిండకుండా పోదు. ఆడిటోరియం వద్దు. రాత్రి తిండ్లయినాక, మెస్సులోనే, పళ్ళేల చప్పుడు పూర్తిగా ఆగకముందే మొదలుపెట్టు.

గంగజాతరకు తిరుపతి వస్తాను. ఆ లోపల పొగ మిషనుకు అడ్వాన్సు ఇచ్చి ఉంటే వెనక్కి అడుగు.