బి ఖాతా ఇంటికి పన్ను కడితే అది సక్రమమవుతుందా?

బెంగళూరులో కె.ఆర్. పురం వైపు రెవెన్యూ స్థలంలో, అంటే నివాసానికి మార్పిడి కాని వ్యవసాయ భూమిలో, ఇల్లు కట్టుకుని, ఏటా పన్ను చెల్లిస్తున్నా బ్యాంకు అప్పు ఎందుకు ఇవ్వడం లేదని మీరు అడిగారు. పన్ను రసీదు ఇల్లు కట్టుకోవడానికి అనుమతి పత్రం కాదు, ఖాతా కూడా హక్కు పత్రం కాదు. ఏ ఆస్తికి ఎవరి వద్ద పన్ను వసూలు చేయాలో చూపే నగరపాలక సంస్థ లెక్క మాత్రమే ఖాతా. వ్యవసాయ భూమిని మార్పిడి చేయించకుండానో, లేఅవుటుకు ఆమోదం లేకుండానో, ప్లానుకు విరుద్ధంగానో లేచిన ఇళ్లను బి రిజిస్టరు అనే వేరే పుస్తకంలో రాస్తూ వచ్చారు; బి ఖాతా అనేది అదే. బెంగళూరుకు అప్పట్లో వర్తించిన కర్ణాటక మునిసిపల్ కార్పొరేషన్ల చట్టంలోని 108ఎ సెక్షన్ ఇటువంటి కట్టడాలపైనా పన్ను వేయనిచ్చింది గాని, అంతమాత్రాన వాటిని సక్రమం చేయలేదు. సొమ్ము పుచ్చుకునే చేయి, హక్కు ఇచ్చే చేయి వేరన్నమాట; బ్యాంకు వెనుకాడేది అందుకే. మనవాళ్లకు కోపం వచ్చేది ఇక్కడే, అది న్యాయమైన కోపమే.

పన్ను లెక్క 2008 నుంచి విస్తీర్ణాన్ని, ప్రాంతపు జోనును బట్టి యజమానే వేసుకునే పద్ధతిలో నడిచింది. సొంతంగా ఉంటున్న భాగం కంటే అద్దెకిచ్చిన భాగానికి రేటు ఎక్కువ కనుక, పై అంతస్తు అద్దెకిచ్చి ఆ సంగతి చూపకపోతే తరువాత తేడా సొమ్ముతో నోటీసు రావచ్చు.

అభ్యంతరం చెప్పుకోవడానికి కార్పొరేటరు ఎక్కడున్నాడన్న మీ ప్రశ్న సబబే. 2015లో ఎన్నికైన పాలికె (బెంగళూరు నగరపాలక సంస్థ) కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో తీరింది. ఆపై నిర్ణయాలు ప్రభుత్వం నియమించిన పాలనాధికారి చేతికి వెళ్లాయి. 2025లో పాలికెను ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టారు కాబట్టి, ముందుగా మీ వార్డు ఏ కార్పొరేషన్‌లోకి వచ్చిందో చూసుకుని, భూమార్పిడి ఉత్తర్వు ఉంటే దాని నకలుతో అక్కడి రెవెన్యూ అధికారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, అందినట్లు సంతకం తీసుకోండి.