పాపను టెక్స్‌టైల్ డిజైన్‌కి పంపొచ్చా?

ప్రశ్న: మాది కోవూరు దగ్గర పాటూరు. నాన్న మగ్గం నేసేవాడు, నేను మానేసి కొట్టు పెట్టుకున్నా. ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదివే పాప ఇంజనీరింగ్ వద్దు, టెక్స్‌టైల్ డిజైన్ చేస్తానంటోంది. ఎవరూ వేసుకోని వింత బట్టలు ఫోన్లో చూపిస్తోంది. ఇది ఫ్యాషన్ డిజైనింగేనా? దీంతో బతకగలదా?

జవాబు: అన్నా, రెండూ ఒకటి కాదు. ఫ్యాషన్ వాళ్లు బట్టను కత్తిరించి కుట్టిస్తారు. టెక్స్‌టైల్ వాళ్లు ఆ బట్టనే పుట్టిస్తారు, అంటే ఏ నూలు వాడాలి, దానికెంత పురి ఎక్కించాలి, పడుగులో, అంటే నిలువు పోగుల్లో ఏముండాలి, పేకలో, అంటే అడ్డ పోగుల్లో ఏముండాలి, ఉతికాక బట్ట ఎలా మారాలి అన్నదంతా వీళ్ల పనే. మీ నాన్నగారికి ఇందులో చాలా తెలుసు.

ఆ వింత బట్టల్ని తీసిపారెయ్యొద్దు. జపాన్‌లో కిర్యు అనే నేత ఊళ్లో, నేత కుటుంబంలోనే పుట్టిన జునిచి అరాయ్ ఏం చేశాడంటే, పురి బాగా ఎక్కించిన నూలును వేరే నూలుతో కలిపి నేయించి తడిపేవాడు. పురి నూలు ముడుచుకుపోతుంది, రెండోది ముడుచుకోదు, దాంతో బట్టంతా బుడిపెలు బుడిపెలుగా లేస్తుంది. కత్తెర పెట్టకముందే దానికో రూపం వచ్చేసిందన్నమాట. ఇస్సే మియాకే, రే కవాకుబో లాంటి పెద్ద డిజైనర్లు ఆయనతో కలిసి పనిచేసింది అందుకే. ఇలాంటివి షోలకే పరిమితం అనుకోకండి. మియాకే 1993లో తెచ్చిన ప్లీట్స్ ప్లీజ్ బట్టలు ముందు చాలా పెద్దగా కుట్టి, తర్వాత వేడి ప్రెస్‌లో మడతలు పడేలా చేసినవి. పాలియెస్టర్ కాబట్టి ఉతికినా మడత పోదు, ఇస్త్రీ అక్కర్లేదు, ఆడవాళ్లు రోజూ వేసుకుంటున్నారు.

ఉద్యోగమంటే మిల్లులు, డిజైన్ స్టూడియోలు, తమిళనాడులోని కరూర్ లాంటి చోట్ల దుప్పట్లు, కర్టెన్లు ఎగుమతి చేసే కంపెనీలు. మొదట్లో సాఫ్ట్‌వేర్ జీతం ఆశించకండి, ఆ మాట పాపకీ చెప్పండి.

చదువుకైతే నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) హైదరాబాద్, అహ్మదాబాద్ ఎన్ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ), మన అమరావతి ఎన్ఐడీ ఉన్నాయి, మూడింట్లోనూ కోర్సు నాలుగేళ్లే. ఇంటర్లో ఏ గ్రూపైనా పర్లేదు, ప్రవేశ పరీక్ష ఉంటుంది. సెకండియర్ సెప్టెంబరు నుంచే వాళ్ల వెబ్‌సైట్లు చూస్తుండండి. ఫీజు లక్షల్లోనే, ఎడ్యుకేషన్ లోన్ గురించి ఇప్పుడే బ్యాంకులో కనుక్కోండి. అంత వద్దనుకుంటే వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరు మీదున్న చేనేత టెక్నాలజీ సంస్థలో మూడేళ్ల డిప్లొమా ఉంది, కాకపోతే అందులో డిజైన్ కన్నా టెక్నాలజీ పాలు ఎక్కువ.

ఒక్క పని మాత్రం ఈ వేసవిలోనే చేయండి. ఊళ్లో ఇంకా ఆడుతున్న మగ్గం దగ్గర పాపను కూర్చోబెట్టండి. పోగులు తెగుతూ అతుకుతూ ఉన్నా విసుక్కోకుండా, పేక మార్చి చూద్దామా అని తనే అడిగితే ఫారం నింపించండి.