పాత ఫోర్కును మార్చాలా, బాగుచేయించాలా?

ఈ నెల బెంగళూరు నుంచి వచ్చిన ఉత్తరాల్లో మూడు ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచి, కుదుపులను తట్టుకునే రెండు కాళ్ల సస్పెన్షన్) గురించే కావడంతో వాటిని ఒకచోట చేర్చి జవాబిస్తున్నాము.

ప్రశ్న: నాది 2016 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411. నా బరువు 92 కిలోలు. సెలవు రోజుల్లో నంది కొండల వెనకవైపు, చిక్కబళ్లాపురం చుట్టుపక్కల మట్టిదారుల్లో తిరుగుతుంటాను. ముందు బ్రేకు పట్టగానే బండి ముక్కు కిందికి దిగిపోతోంది. అలాగని మెత్తగా ఉందా అంటే, చిన్న రాళ్ల మీద చేతులు అదిరిపోతున్నాయి. పెద్ద గుంటలో పడితే ఠంగుమని అడుగంటుతోంది. హిమాలయన్ 450 యూఎస్‌డీ (లావు పైపు పైన, సన్న పైపు కింద ఉండే తలకిందుల రకం) ఫోర్కును సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చి బిగిస్తానని మా మెకానిక్ అంటున్నారు. వేయించుకోమంటారా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: ఇప్పుడే వద్దు. మీ పాత ఫోర్కు ట్రావెల్ 200 మి.మీ., 450 ఫోర్కు ట్రావెల్ కూడా 200 మి.మీ.లే. చక్రం పైకీ కిందికీ కదిలే దూరం ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. 41 మి.మీ. పైపుకు బదులు 43 మి.మీ. పైపు వస్తుంది, లావు భాగం పైన ఉండటం వల్ల ఫోర్కు తక్కువగా వంగుతుంది, లోపలి డ్యాంపింగ్ (ఫోర్కు కదలికకు నూనెతో అడ్డు కల్పించే) ఏర్పాటు మెరుగ్గా ఉంటుంది. వీటిలో మీ బాధను తీర్చేది చివరిదొక్కటే, దాన్ని మీ పాత పైపుల్లోనే చాలావరకు సాధించవచ్చు.

మీరు చెప్పిన లక్షణాల్లో మొదటి రెండూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపించినా రెండింటికీ మూలం ఒక్కటే. మీ ఫోర్కులో ఉన్నది డ్యాంపర్ రాడ్ పద్ధతి, అంటే రాడ్డుకు వేసిన కొన్ని రంధ్రాల గుండా నూనె దూరి వెళ్లడమే డ్యాంపింగ్. ఆ రంధ్రాల సైజు మారదు కాబట్టి నూనె వేగం రెట్టింపైతే అడ్డు దాదాపు నాలుగింతలవుతుంది. సిరంజిని మెల్లగా నొక్కితే సులువుగా దిగి, ఒక్కసారిగా నొక్కితే బిగుసుకుపోయినట్టే ఇక్కడా జరుగుతుంది: బ్రేకు పట్టినప్పుడు ఫోర్కు నెమ్మదిగా కదులుతుంది కనుక ఆపేది ఏమీ లేక కిందికి జారుతుంది, రాయి తగిలినప్పుడు అతివేగంగా కదలాల్సి వస్తుంది కనుక నూనె దారి చాలక ఆ దెబ్బంతా హ్యాండిల్‌కు చేరుతుంది. ఈ స్థితిలో చాలా గ్యారేజీలు చేసే వైద్యం చిక్కటి నూనె పోయడం. దానివల్ల ముక్కు దిగడం కాస్త తగ్గినా చేతులకు తగిలే దెబ్బ ఇంకా పెరుగుతుంది కాబట్టి ఆ సలహాను మర్యాదగా తోసిపుచ్చండి.

ముందు సాగ్, అంటే మీరు ఎక్కితే ఫోర్కు ఎంత కుంగుతుందో, కొలవండి. ముందు చక్రం నేలకు ఆనకుండా బండిని ఎత్తి, యాక్సిల్ మధ్య నుంచి కింది టీ (ఫోర్కు పైపులను బండికి పట్టి ఉంచే బిగింపు) వరకు ఉన్న దూరం రాసుకోండి. తరువాత మీరు బూట్లు, హెల్మెట్, సామానుతో సహా బండి ఎక్కి నిటారుగా నిలబెట్టి, స్నేహితుడి చేత అదే దూరం కొలిపించండి. తేడా 60 మి.మీ. దరిదాపుల్లో ఉంటే మీ బరువుకు స్ప్రింగు సరిపోయినట్టే. 75, 80 వస్తే అది మెత్తన. అప్పుడు స్ప్రింగు మీద ఉండే పీవీసీ ముక్క (స్పేసరు) పొడవు పెంచి సరిపెట్టుకుందామని అనిపిస్తుంది. దానివల్ల ముందు భాగం ఎత్తవుతుందే తప్ప స్ప్రింగు గట్టిపడదు, అడుగంటడం పెద్దగా తగ్గదు. మీ బరువుకు రెండు కాళ్లలోనూ ఒక మెట్టు గట్టి స్ప్రింగులు వేయించుకోవడమే సరైన పని.

రెండోది కార్ట్రిడ్జ్ ఎమ్యులేటర్. రేస్ టెక్ వంటి సంస్థలు తయారుచేసే ఈ చిన్న వాల్వు, డ్యాంపర్ రాడ్డు తలమీద, స్ప్రింగు కింద కూర్చుంటుంది. రాడ్డుకు కింద ఉన్న రంధ్రాలను డ్రిల్లుతో పెద్దవి చేస్తే నూనెను అదుపుచేసే బాధ్యత వాటి నుంచి ఈ వాల్వుకు మారుతుంది. నెమ్మది కదలికకు అది మూసుకుని ఉండి ముక్కు దిగడాన్ని పట్టి ఉంచుతుంది, రాయి తగలగానే తెరుచుకుని నూనెకు దారి ఇస్తుంది. వాల్వు మందం ఎంతో అంత మేర పైనున్న స్పేసరును కోయించడం మరవకూడదు. ఒకసారి రంధ్రాలు పెంచాక పాత పద్ధతికి తిరిగి రాలేరు కనుక విడిగా ఒక జత రాడ్లు కొని వాటికే డ్రిల్లు వేయించండి.

నూనె డబ్బా మీది 10డబ్ల్యూ అనే అంకెను నమ్మి కంపెనీ మార్చవద్దు. ఒకరి 10డబ్ల్యూ మరొకరి దానికన్నా పల్చగా ఉండవచ్చు. 40 డిగ్రీల వద్ద చిక్కదనాన్ని తెలిపే సెంటీస్టోక్స్ అంకెను చూసి పోల్చండి. స్ప్రింగు తీసి, ఫోర్కును పూర్తిగా కిందికి నొక్కి, పైపు అంచు నుంచి నూనె మట్టం వరకు ఉన్న ఖాళీని రెండు కాళ్లలో సమానంగా ఉంచాలి. ఇన్ని చేశాక కూడా అడుగంటుతుంటే ఆ ఖాళీని ఒక 10 మి.మీ. తగ్గించి చూడండి, ట్రావెల్ చివర్లో ఫోర్కు గట్టిపడుతుంది.

అయినా 450 ఫోర్కే కావాలనుకుంటే దానితోపాటు రెండు టీలు, కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు), చక్రం, యాక్సిల్, డిస్కు, క్యాలిపర్ కూడా సరిచూసుకోవాలి. ఫోర్కు పొడవు తేడా వస్తే హ్యాండిల్ తిరిగే తీరు మారుతుంది: 1,465 మి.మీ. వీల్‌బేస్ (రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం) ఉన్న మీ బండికి ముందు భాగం 25 మి.మీ. లేస్తే ఫోర్కు వాలు ఇంచుమించు ఒక డిగ్రీ పెరుగుతుంది. మలుపు తిప్పేటప్పుడు ఆ ఒక్క డిగ్రీ చేతులకు తెలుస్తుంది.

ప్రశ్న: నా హీరో ఇంపల్స్‌కు ఆయిల్ సీళ్లు మార్పించిన కొద్ది నెలలకే మళ్లీ కారుతున్నాయి. జేసీ రోడ్డులో కొన్న సీళ్లు నకిలీవా?
– ఒక పాఠకురాలు, కేఆర్ పురం

జవాబు: సీళ్లను అనుమానించే ముందు పైపును చూడండి. దుమ్ము తొడుగు పైకి జరిపి, శుభ్రంగా తుడిచి, గోరును పైనుంచి కిందికి మెల్లగా జార్చండి. ఎక్కడైనా గోరు తట్టుకుంటే ఆ తుప్పు గుంట అంచే సీలు పెదవిని కోస్తోందన్నమాట. గుంట చిన్నదైతే 2,000 నంబరు నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) లేచిన అంచును మాత్రం అణచవచ్చు. నిలువుగా కాకుండా పైపు చుట్టూ రుద్దాలి. గుంటలు ఎక్కువైతే పైపు మార్చాలి, లేదా హార్డ్ క్రోమ్ చేయించి మళ్లీ అసలు కొలతకు గ్రైండింగ్ పట్టించాలి. పీణ్యలో ఆ పని చేసే చోట్లు ఉన్నాయి. పైపు నునుపుగానే ఉంటే లోపలి బుష్షులు అరిగి పైపు అటూఇటూ ఆడుతున్నదేమో చూడమనండి, ఆడే పైపు మీద ఏ సీలూ నిలవదు. కొత్త సీలు ఎక్కించేటప్పుడు పైపు పై అంచుకు పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి, దానికి నూనె రాసి జార్చాలి. తొందర పనిలో ఈ ఒక్క అడుగే మొదట ఎగిరిపోతుంది.

ప్రశ్న: ఫోర్కు మారిస్తే ఆర్టీవో అభ్యంతరం చెబుతారా?
– ఒక పాఠకుడు, జయనగర్

జవాబు: రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఆ పత్రంలో వీల్‌బేస్ కూడా ఉంటుందని, పొడవు లేదా టీ ఆఫ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే ఇరుసుకు పైపులు ఎంత ముందుకు ఉన్నాయన్న కొలత) వేరుగా ఉన్న ఫోర్కు దాన్ని మారుస్తుందని గుర్తుంచుకోండి. స్ప్రింగులు, నూనె, వాల్వు వంటి లోపలి పనులతో ఈ పేచీ లేదు. ఏమైనా, తీసేసిన పాత ఫోర్కును టీలతో సహా నూనె రాసి దాచిపెట్టండి. పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ తనిఖీకి వెళ్లే రోజున దాన్ని తిరిగి బిగించాల్సి రావచ్చు.