‘నలుగురూ’ ఏమంటారో అడిగి చూశారా?

ప్రశ్న: మాది తెనాలి. నా వయసు 35. ప్రైవేటు ఉద్యోగం. నా భార్య ఎమ్మెస్సీ, బీఎడ్. పెళ్లికి ముందు టీచర్‌గా చేసింది, బాబు పుట్టాక మానేసింది. వాడిప్పుడు ఒకటో తరగతికి వచ్చాడు. దగ్గర్లోని స్కూల్‌వాళ్లు నెలకు 18 వేలు ఇస్తామంటే వెళ్తానంటోంది. నాకు అభ్యంతరం లేదు. కానీ నాన్నగారు ‘కోడలి సంపాదన తినే ఖర్మ మనకు పట్టలేదు’ అన్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. అన్నయ్య, బాబాయిలు, కాలనీలో నలుగురూ నన్ను చులకనగా చూస్తారని టెన్షన్‌గా ఉంది. ఇంకో రెండేళ్లు ఆగమన్నప్పటి నుంచి తను సరిగా మాట్లాడటం లేదు. ఆమెకు ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: మీ ఉత్తరం మళ్లీ ఒకసారి చదువుకోండి. అందులో వద్దన్నది ఒక్క నాన్నగారే. అన్నయ్య ఏమన్నారో రాయలేదు. బాబాయిలను అడిగినట్టూ లేదు. వాళ్లేమనుకుంటారో మీరే ఊహించుకుని, ఆ ఊహకు భయపడి ఆవిడను ఆగమంటున్నారు.

ఇలాంటి ఊహలు ఎంత తప్పుతాయో కొందరు ఆర్థికవేత్తలు సౌదీ అరేబియాలో లెక్కగట్టారు. లియొనార్డో బర్స్‌టిన్, మరో ఇద్దరు కలిసి చేసిన ఆ పరిశోధన 2020లో అచ్చయింది. రియాద్‌లో 18 నుంచి 35 ఏళ్ల లోపు పెళ్లయిన మగవాళ్లను, దగ్గర దగ్గర ఇళ్లవాళ్లను, ఒకచోట కూర్చోబెట్టారు. ఆడవాళ్లు బయటికెళ్లి ఉద్యోగం చేయడం మీకు సమ్మతమేనా అని ఎవరికి వారిని గుట్టుగా అడిగితే 87 శాతం సమ్మతమే అన్నారు. ఇక్కడున్న వాళ్లలో ఎంతమంది అలా చెప్పి ఉంటారు అని అడిగితే మాత్రం, నలుగురిలో ముగ్గురు అసలు కంటే తక్కువ చెప్పారు. ‘నాకు ఫర్వాలేదు గానీ పక్కవాడు ఒప్పుకోడు’ అని ప్రతివాడూ అనుకుంటున్నాడన్నమాట. ఆ పక్కవాడిదీ అదే వరస.

తర్వాత సగం మందికి అసలు అంకె చెప్పారు. చివర్లో గిఫ్ట్ కార్డ్ తీసుకుంటారా, మీ భార్యకు ఉద్యోగం వెతికే సర్వీస్‌లో పేరు రాయిస్తారా అని అందరినీ అడిగారు. అంకె తెలియనివాళ్లలో 23 శాతం పేరు రాయిస్తే, తెలిసినవాళ్లలో 32 శాతం రాయించారు. కొన్ని నెలలయ్యాక ఫోన్ చేసి కనుక్కుంటే, బయటి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న భార్యలు మొదటివాళ్ల ఇళ్లలో 6 శాతం, రెండోవాళ్ల ఇళ్లలో 16 శాతం. ఆ మగవాళ్లకు ఎవరూ స్త్రీ స్వేచ్ఛ గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక్క అంకె చెప్పారంతే.

తెనాలి రియాద్ కాదు, నిజమే. మీ బంధువుల్లో గట్టిగా వద్దనేవాళ్లూ ఉండొచ్చు. అందుకే ముందు అడగమంటున్నాను. అదీ ‘మీరేమనుకుంటారోనని...’ అంటూ నసగొద్దు. ‘తను స్కూల్‌కు వెళ్దామనుకుంటోంది, నాకూ ఇష్టమే’ అని అన్నయ్యకు చెప్పి, ఆయనేమంటారో వినండి. మీ ఇష్టం మీరు బయటపెట్టకపోతే, రేపు వదినగారి విషయంలో ఆయన భయపడే ‘నలుగురి’లో మీరూ ఒకరవుతారు.

నాన్నగారి మాటకు వస్తే, ఆవిడ జీతం ఆవిడ సొంత ఖాతాలోనే పడనివ్వండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. మధ్యప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి డబ్బులు ఇంట్లో మగ పెద్ద ఖాతాకు వెళ్లేవి. కొన్ని ఊళ్లలో వాటిని నేరుగా ఆడవాళ్ల ఖాతాల్లో వేయించి, ఆ ఖాతా వాడటం నేర్పించారు. ఆర్థికవేత్తలు ఎరికా ఫీల్డ్, రోహిణీ పాండేల బృందం 2021లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఆ ఆడవాళ్లు పనికి వెళ్లడం పెరిగింది. కొన్నేళ్లు గడిచాక, భార్య పనికి వెళ్తే నలుగురిలో తలవంపులన్న భావన వాళ్ల భర్తల్లోనూ తగ్గింది. సరిగ్గా మీ భయమే.

ఇక ‘అమ్మకు మోకాళ్ల నొప్పులు’ అన్న చిన్న ముక్క దగ్గర నేను ఆగిపోయాను. పరువు సంగతి పైకి చెప్పుకునేది. మధ్యాహ్నం వంట ఎవరు చేస్తారన్నది అసలు చిక్కేమోనని నా అనుమానం. ఎవరు ఏ పనికి రోజులో ఎంతసేపు పెడుతున్నారో లెక్కగట్టే 2024 టైమ్ యూజ్ సర్వే చూస్తే, మన దేశంలో ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికి పెడుతున్నారు. మగవాళ్లు 88. అదీ ఎంతో కొంత పని చేసే మగవాళ్ల సగటు, అసలు ముట్టుకోనివాళ్లు ఆ లెక్కలోకే రారు. మీరెందులో ఉన్నారో మీకే తెలియాలి. పొద్దున్నే బాబును తయారుచేసి బడికి పంపే పని పూర్తిగా మీరు తీసుకోండి. ‘సాయం చేస్తాను’ అనకండి, ఆ పని మీదే అనుకోండి. వంటకు మనిషిని పెట్టుకుంటే ఆ జీతాన్ని ఆవిడ 18 వేలల్లోంచి కొట్టేసి ‘ఇక మిగిలేదెంత’ అనొద్దు. మోకాళ్ల నొప్పులు మీ అమ్మగారివి, తినేది ఇంటిల్లిపాదీ. ఖర్చు ఇద్దరి మీదా వేయండి.

ఆవిడకు ఎలా నచ్చజెప్పాలని అడిగారు. చెప్పాల్సింది నాన్నగారికి, చెప్పాల్సింది మీరు. ఆవిడను ఆయన ముందు నిలబెట్టి పర్మిషన్ అడిగించకండి. ఇద్దరం అనుకున్నాం, జూన్‌లో బడి తెరవగానే వెళ్తుందని మీరే చెప్పండి. ఆయన రెండు రోజులు ముభావంగా ఉంటారేమో, ఉండనివ్వండి. వంట మనిషిని మాత్రం ఆలోపే మాట్లాడి పెట్టుకోండి.