రేకు పోయిన చోట రంధ్రాలే ఉండనివ్వండి

"మా నాన్నగారి 1968 ఫియట్ డిలైట్‌ను రిస్టోర్ చేయిస్తున్నాను. ఇంజిన్ దగ్గర ఉండాల్సిన నంబర్ రేకు ఎప్పుడో ఊడిపోయింది. అచ్చం అలాంటిదే కొత్తది చేయించి బిగిస్తే బండి ఒరిజినల్ కిందే లెక్కా?" అని మీరు అడిగారు.

కాదు. వేయించొద్దు. మీ మెకానిక్, మీ బావమరిది, రేకు అమ్మేవాడు ముగ్గురూ కలిసి చెప్పినా వినొద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఆ పని చేయబోయి చివరి నిమిషంలో ఆగినవాడిని. నాది ఫియట్ కాదు, జీపు. కానీ రేకు సంగతి ఏ బండికైనా ఒకటే.

మాది ప్రొద్దుటూరు. జీపు మా జేజినాయన కొన్నది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న జీపులను వేలం వేస్తే, మద్రాసులో ఎవరో పాడుకొని, అట్లా ఇద్దరు ముగ్గురి చేతులు మారి మా ఇంటికొచ్చింది. శనక్కాయల మూటలు, పసుపు బస్తాలు మోసింది. మా అత్త పెళ్ళికి పెళ్ళికొడుకును కూడా అందులోనే తీసుకొచ్చారు. ఇంట్లో అందరూ దాన్ని విల్లీస్ అనే అనేవాళ్ళు, అంటే ఆ జీపులు చేసిన అమెరికా కంపెనీ పేరు. ఆర్సీలో కూడా విల్లీస్ అనే ఉంది. జేజినాయన పోయాక ఇరవై ఏళ్ళకు పైగా రేకుల షెడ్డులో పడి ఉంది. నాలుగేళ్ళ కిందట బయటికి తీశాను.

ఈ యుద్ధకాలపు జీపులకు డ్యాష్‌బోర్డులో చిన్న అర ఉంటుంది. దాని మూత మీద మూడు రేకులు. ఒకదాంట్లో బండి పేరు, సీరియల్ నంబర్, సైన్యానికి అప్పగించిన తేదీ. ఇంకోదాంట్లో గేర్లు ఎట్లా వేయాలో బొమ్మ. మూడోదాంట్లో జాగ్రత్తలు. మా బండికి మూడూ లేవు, రివిట్ల రంధ్రాలు మాత్రం ఉన్నాయి. కడపలో జీపు పని చేస్తున్న భాయ్ "దానికేముంది సార్, సెట్టు దొరుకుతుంది" అన్నాడు. నిజంగానే దొరికింది. ఫోన్‌లో ఆర్డర్ పెడితే పది రోజుల్లో మూడు రేకులూ ఇంటికొచ్చాయి. చూస్తే కళ్ళు చెదిరేలా ఉన్నాయి. సీరియల్ నంబర్, తేదీ ఉండాల్సిన గళ్ళు మాత్రం ఖాళీ. అవి మనమే కొట్టించుకోవాలి. అంటే కొనేవాడు ఏ సంవత్సరం కోరుకుంటే బండి ఆ సంవత్సరంలో పుడుతుంది! అప్పుడు నాకది తప్పుగా తోచలేదు. ఆర్సీలోని నంబర్, 1943 అన్న సంవత్సరం కొట్టిద్దామనుకున్నాను. 1943 అని మా పెద్దత్త చెప్పింది, అంతే ఆధారం.

అంకెలు నీటుగా రావాలంటే మా ఊర్లో కంసాలి దగ్గరికే పోవాలి. ప్రొద్దుటూరు అంటేనే బంగారం. మా వీధి చివర ఆచారి తాత ఉన్నాడు. కళ్ళు కాస్త మందగించాయి గానీ చెయ్యి వణకదు. రేకు చేతికిస్తే భూతద్దం పెట్టి వెనకా ముందూ చూశాడు.

"ఇది యాడిది నాయనా?"

"మా జీపుది తాతా. పాతది పోయింది, కొత్తది తెప్పించినా. ఈ నంబర్ కొట్టియ్యి."

"బండి మింద ఈ నంబరు యాడుండాది?"

లేదని చెప్పాను. విల్లీస్ జీపులకు ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) ఎడమ పట్టీ లోపలివైపు, ముందు బంపర్ వెనక, నంబర్ ఉన్న చిన్న రేకు ఉంటుంది. మా దానికి అదీ కనబడలేదు, ఆర్సీలో మాత్రం ఉందన్నాను. తాత రేకు నా చేతిలో పెట్టేశాడు.

"వస్తువు చూడకుండా ముద్ర కొట్టేది మా ఇంట్లో లేదు నాయనా. గీటురాయి మింద గీసి చూసినాకనే ముద్ర. పద, బండి చూపించు."

ఎనభై దాటిన మనిషిని మర్నాడు కారులో ఎక్కించుకొని కడప తీసుకుపోయాను. ఆయనకు జీపుల గురించి ఏమీ తెలియదు. తెలిసిందల్లా ముద్రలు వెతకడం. నడుము వంచి, ఒక చేత్తో బంపర్ పట్టుకొని, టార్చి లైటుతో బోల్టులు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. పావుగంట తర్వాత పిలిచాడు. "ఈ బోల్టు తల మింద ఏందో అక్షరం ఉండాది, చూడు."

తుడిచి చూస్తే ఇంగ్లీషు ఎఫ్. దాని పక్క బోల్టు మీదా ఎఫ్. ఇంకోదాని మీదా ఎఫ్.

భాయ్ నోట మాట లేదు. నాకు ఒళ్ళు జలదరించింది. యుద్ధంలో జీపులు సరిపోక అమెరికా సైన్యం విల్లీస్ డిజైన్‌నే ఫోర్డ్ కంపెనీకిచ్చి చేయించుకుంది. ఆ ఫోర్డ్ జీపు పేరు జీపీడబ్ల్యూ. జీ అంటే ప్రభుత్వానిది, పీ అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం 80 అంగుళాలు, డబ్ల్యూ అంటే విల్లీస్ డిజైన్. అట్లాంటివి 2 లక్షల 77 వేలకు పైగా చేశారు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. కానీ ఫోర్డ్ వాళ్ళు తమ బోల్టుల మీద, చిన్నా పెద్దా భాగాల మీద ఎఫ్ గుర్తు వేసుకునేవాళ్ళు. ముందుభాగంలో రేడియేటర్ కింద ఉండే అడ్డ పట్టీ విల్లీస్‌లో గుండ్రటి పైపు, ఫోర్డ్‌లో బోర్లించిన దోనె ఆకారం. మాది దోనె ఆకారమే! అన్ని నెలలు చూస్తూనే ఉన్నాం, గమనించలేదు.

ఫోర్డ్ అయితే నంబర్ రేకు మీద కాదు, ఛాసిస్ ఎడమ పట్టీ పైభాగాన ఇనుములోకే కొట్టి ఉండాలి. అక్కడ గ్రీజు, మట్టి, నాలుగైదు పూతల రంగు కలిసి గట్టిపడిపోయి ఉంది. భాయ్ గ్రైండర్ తీశాడు. తాత ఎంత అరిచాడంటే పక్క షాపు వాళ్ళు కూడా వచ్చారు. గ్రైండర్ పెట్టి ఉంటే అంకెలు కూడా పోయేవి. కిరసనాయిలు గుడ్డ రాత్రంతా దానిమీద వేసి ఉంచాం. పొద్దున రంగు తీసే మందు పూసి, వెదురు పుల్లతో గీకాం. చివర్లో తాత తన సంచిలోంచి కుంకుడుకాయ రసం, నగలు కడిగే బ్రష్షు తీశాడు. గొలుసు కడిగినంత నెమ్మదిగా రుద్దాడు. మొదట జీ, తర్వాత పీ, డబ్ల్యూ, ఆ వెనక అంకెలు ఒక్కొక్కటే తేలాయి. ఆర్సీలోని అంకెలు అవే. మూడు అక్షరాలు మాత్రం ఆర్సీలో లేవు.

నేను ముందురోజే నంబర్ కొట్టించి ఉంటే ఏమయ్యేది? ఫోర్డ్ ఛాసిస్ మీద విల్లీస్ రేకు, తప్పుడు సంవత్సరంతో. నంబర్ల వరుసను బట్టి మా బండి 1944ది, పెద్దత్త చెప్పిన 1943ది కాదు. నా తర్వాత నా కొడుకు, వాడి తర్వాత కొనేవాడు ఆ రేకునే నమ్మేవాళ్ళు. రేకు లేని బండిని చూస్తే మనిషి వెతుకుతాడు. రేకు ఉన్న బండిని చూస్తే వెతకడం మానేస్తాడు. నా భయమంతా అదే.

ఇక ఇంజిన్. దాని మీద నంబర్ ఎంబీ అని మొదలవుతుంది, అంటే విల్లీస్ ఇంజిన్. ఆర్సీ రాసిన గుమాస్తా అది చూసే విల్లీస్ అని రాసి ఉంటాడు, నాకందులో సందేహం లేదు. భాయ్ దాన్ని అరగదీసి జీపీడబ్ల్యూ అని కొడదాం, అమ్మేటప్పుడు రేటు పెరుగుతుందన్నాడు. వద్దన్నాను. రెండు కంపెనీల భాగాలూ ఒకదానికొకటి సరిపోయేలా చేసినవే. మిలిటరీ వర్క్‌షాపుల్లో ఏ ఇంజిన్ సిద్ధంగా ఉంటే అది దింపేవాళ్ళు. ఆ మార్పు కూడా ఈ బండి బతుకులో భాగమే. పైగా ఇంజిన్ నంబర్‌గానీ ఛాసిస్ నంబర్‌గానీ సొంతంగా చెరిపి కొట్టడం నేరం. మీ ఫియట్ నంబర్ ఇనుము మీద నిజంగానే చెరిగిపోయి ఉంటే ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అర్జీ పెట్టుకోండి. వాళ్ళు చూసి, అనుమతి ఇస్తేనే ఏ పనైనా.

విలువ తగ్గుతుందేమోనని మీ భయం కదా. 1929లోనూ 1930లోనూ ఫ్రాన్స్‌లో జరిగే లమాన్స్ కార్ల రేసు గెలిచిన 'ఓల్డ్ నంబర్ వన్' అనే బెంట్లీ కారు మీద 1990లో లండన్ హైకోర్టులో కేసు నడిచింది. కోటి పౌండ్లకు బేరం కుదిరాక, ఇందులో అప్పటి భాగాలు దాదాపు ఏవీ లేవు, ఇది ఆ కారే కాదని కొనేవాళ్ళు అడ్డం తిరిగారు. జడ్జి ఒప్పుకోలేదు. భాగాలు మారుతూ వచ్చినా బండి చరిత్ర ఎక్కడా తెగలేదు కాబట్టి ఇది అదే కారు అన్నాడు. దేవుని కడపలో రథసప్తమికి తేరు లాగే మనకు ఈ మాట ఒకరు చెప్పాలా? చక్రం మార్చినంత మాత్రాన వేరే తేరు అవుతుందా? కాబట్టి మీ నాన్నగారి పాత ఆర్సీ, ఇన్సూరెన్స్ కాగితాలు, స్పేర్ పార్టుల బిల్లులు, కారు పక్కన నిలబడి దిగిన ఫొటోలు, అన్నీ వెతికి ఒక ఫైలులో పెట్టండి. కొత్త రేకు ఖర్చు ఆ ఫైలు మీద పెట్టండి.

ఇంకో మాట. 50 ఏళ్ళు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇవ్వాలని 2021 జూలైలో కేంద్రం నిబంధనలు తెచ్చింది. నంబర్‌లో వీఏ అని వస్తుంది, ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. అందులో షరతు ఏమిటంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా మొదటి రూపంలోనే ఉండాలి. మా జిల్లాలో ఎన్ని పాత జీపులకు, ఫియట్లకు, అంబాసిడర్లకు పెట్రోలు ఇంజిన్ పీకేసి డీజిల్ ఇంజిన్ దింపారో తలుచుకుంటే కడుపు మండుతుంది. మైలేజీ కోసం చేశారు, వాళ్ళ అవసరం వాళ్ళది. కానీ ఆ పాత ఇంజిన్లు కిలోల లెక్కన తుక్కుకు పోయాయి. మిగిలిన జీపులకేమో పెళ్ళి ఊరేగింపుల కోసం మెరుగు చక్రాలు, రంగు లైట్లు. రాయలసీమలో జీపు అనగానే సినిమావాళ్ళకు వేటకొడవళ్ళే గుర్తొస్తాయి. మా జీపు మోసింది శనక్కాయలను, కాన్పు నొప్పులతో ఉన్న ఆడవాళ్ళను. ఇది ఎక్కడ అవకాశం దొరికితే అక్కడ చెబుతాను, ఇక్కడా చెప్పాను.

తాత కూలి తీసుకోలేదు. బండి తయారయ్యాక ఒకసారి పెన్నా ఒడ్డు దాకా తిప్పమన్నాడు, తిప్పాను. దారంతా ముందు సీటులో కూర్చొని ఆ మూతను తడుముతూనే ఉన్నాడు. కొన్న మూడు రేకులూ గళ్ళు ఖాళీగానే జేజినాయన పొడుం డబ్బాలో ఉన్నాయి. మూత మీద రివిట్ రంధ్రాలు అట్లాగే ఉన్నాయి. తుప్పు పట్టకుండా వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నూనె పూస్తాను. మీరూ అంతే చేయండి.