ఫెరారీ, డుకాటీ మ్యూజియాలు చూడటానికి బంగారం తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: నాకు 51 ఏళ్ళు. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్ళుగా బైకుల మెకానిక్ షెడ్డు నడుపుతున్నాను. మా అబ్బాయి పోయిన అక్టోబర్‌లో జర్మనీ మ్యూనిక్‌లో ఎంఎస్‌లో చేరాడు. 22 లక్షలు ఎడ్యుకేషన్ లోన్ ఉంది. ఈ సెప్టెంబర్‌లో నేనూ, మా ఆవిడా వాడి దగ్గరికి వెళ్దామనుకుంటున్నాం. అక్కడి నుంచి ముగ్గురం ఇటలీ వెళ్ళి ఫెరారీ, లంబోర్గిని, డుకాటీ మ్యూజియాలు చూడాలని నా కోరిక. నా షెడ్డు గోడ మీద డుకాటీ 916 బైకు పోస్టర్ షెడ్డు తెరిచిన ఏడాది నుంచీ ఉంది. బొలోన్యా నుంచి కారులో తిప్పి ఒక్క రోజులో అన్నీ చూపించే టూర్‌కి మనిషికి 450 యూరోలు అడుగుతున్నారు. మొత్తం ట్రిప్‌కి చేతిలో 1,20,000 ఉంది. ఎమర్జెన్సీకని 6 లక్షల ఎఫ్‌డీ, 5 లక్షల చిట్టీ (ఇంకా పాడలేదు), ఇంట్లో 20 కాసుల బంగారం ఉన్నాయి. నెలకి ఖర్చులన్నీ పోను పాతిక వేలు మిగులుతుంది. గోల్డ్ లోన్ 3 లక్షలు తీసుకోనా, చిట్టీ పాడుకోనా? అసలు ఈ వయసులో ఇంత ఖర్చు తప్పా?

జవాబు: చివర అడిగినదానికి ముందు చెప్తాను. తప్పు కాదు. 26 ఏళ్ళు చేతులకి గ్రీజు అంటించుకుని, కొడుకుని ఎంఎస్‌కి పంపిన మనిషి తనకంటూ ఒక్క కోరిక చెప్పుకుంటే దాన్ని దుబారా అనను. మీరు వెళ్ళాలి. కాకపోతే ఈ సెప్టెంబర్‌లో వద్దు, వచ్చే సెప్టెంబర్‌లో వెళ్ళండి. ఆ 450 యూరోల టూర్ కూడా వద్దు.

ముందు అప్పు సంగతి చూద్దాం. గోల్డ్ లోన్ 3 లక్షలకి ఏడాదికి 10 శాతం వడ్డీ వేసుకున్నా 30 వేలు అవుతుంది. ముగ్గురికీ మ్యూజియం టికెట్లన్నీ కలిపినా అంత కాదని కింద లెక్కలో మీరే చూస్తారు. పైగా చాలామంది తీసుకునే గోల్డ్ లోన్‌లో ఏడాది చివర అసలూ వడ్డీ ఒకేసారి కట్టాలి. మీకు మిగిలేది నెలకి పాతిక వేలు. ఒక నెల షెడ్డు డల్‌గా నడిచినా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా ఆ లెక్క తప్పుతుంది. అప్పుడు వడ్డీ మాత్రం కట్టి లోన్ తిరగరాయించుకుంటారు. విహారయాత్ర అప్పు మూడేళ్ళు సాగేది ఇలాగే.

చిట్టీ అంతకంటే వద్దు. తొందరపడి ఇప్పుడు పాడితే తగ్గింపు కింద వదులుకోవాల్సింది ఎక్కువ. దాన్ని చివరిదాకా ఉంచండి. మీ అబ్బాయి కోర్సు అయ్యాక ఉద్యోగం దొరకడానికి నాలుగైదు నెలలు పట్టిందనుకోండి, ఆ మధ్యలో ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ మొదలైతే కాపాడేది ఆ చిట్టీ డబ్బే. ఎఫ్‌డీ పేరులోనే ఎమర్జెన్సీ ఉంది, దాని జోలికి వెళ్ళొద్దు.

ఇక మొత్తం ట్రిప్‌కి ఎంతవుతుందో చూద్దాం. లెక్క సులువుగా ఉండాలని యూరోని 105 రూపాయలు వేస్తున్నాను. ఇవి నా అంచనాలు, మీరు బుక్ చేసే రోజుకి కొంత అటూ ఇటూ అవుతాయి. ఇద్దరికీ విమానం టికెట్లు 1,50,000. వీసా, ఇన్సూరెన్స్ కలిపి 30,000. మ్యూనిక్‌లో పది రోజులకి బసా భోజనాలూ లక్ష. మ్యూనిక్ నుంచి బొలోన్యాకి రానూపోనూ రైలు ముగ్గురికీ 300 యూరోలు, అంటే 31,500. బొలోన్యాలో మూడు రాత్రులు హోటల్ 390 యూరోలు, 40,950. మ్యూజియాలూ వాటి చుట్టూ తిరగడమూ ఇంకో 390 యూరోలు. చేతి ఖర్చులకి 26,600 పెడితే మొత్తం 4,20,000. చేతిలో 1,20,000 ఉంది కాబట్టి కావాల్సింది సరిగ్గా 3 లక్షలు.

నెలకి 20 వేల చొప్పున ఈ జూన్ నుంచి వచ్చే ఆగస్టు దాకా 15 కిస్తీలు కడితే ఆ 3 లక్షలు వచ్చేస్తాయి. వడ్డీ ఒక పది పన్నెండు వేలు అదనం. దాన్ని రెండు ఆర్‌డీలుగా, అంటే నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్లుగా చీల్చండి. పదివేలది ఒకటి మార్చికి ముగిసేలా పెడితే, అప్పటికి చేతిలో ఉన్నదానితో కలిపి విమానం టికెట్లకీ వీసాకీ సరిపోతుంది. రెండో పదివేలది ఆగస్టుకి పెట్టండి. మొదటిది ముగిశాక ఆ పదివేలు నెలనెలా సేవింగ్స్‌లో వేస్తూ ఉండండి. మిగిలే ఐదు వేలు షెడ్డుకి ఊపిరి, దాన్ని ట్రిప్‌కి లాగొద్దు.

వచ్చే సెప్టెంబర్ అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. అప్పటికి మీ అబ్బాయి రెండేళ్ళ కోర్సు చివరికి వస్తాడు. మొదటి ఏడాది పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్లాడిని ఇటలీ తీసుకెళ్ళమనడం వాడికీ ఇబ్బందే. అయితే సెప్టెంబర్ మొదటి రెండు వారాల్లోనే వెళ్ళండి. నెలాఖరులో బొలోన్యాలో టైల్స్ వ్యాపారుల పెద్ద ఎగ్జిబిషన్ జరుగుతుంది. ఆ వారం హోటల్ రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆగస్టు మధ్యలో ఇటలీలో ఫ్యాక్టరీలే మూసేస్తారు, అది అసలు వద్దు.

ఇప్పుడు టూర్ సంగతి. ముగ్గురికి 1,350 యూరోలంటే 1,41,750 రూపాయలు. దీనికి మీకొచ్చేది కారు, డ్రైవరు, టికెట్లు, ఒక భోజనం. వాళ్ళు మోసం చేస్తున్నారని నేననను. డ్రైవరుతో కారు అక్కడ ఖరీదైన వ్యవహారమే. నా అభ్యంతరం ఒక్క రోజులో అన్నీ అనేదాని మీద. డుకాటీ బొలోన్యా ఊళ్ళోనే, బోర్గో పనిగాలె అనే పేటలో ఉంది. లంబోర్గిని సాంత్ ఆగాత బొలొన్యేసె అనే పల్లెలో ఉంది. ఫెరారీకి రెండు మ్యూజియాలు, మోదెనాలో ఒకటి, మారనెల్లోలో ఒకటి. ఒక్క రోజులో ఇవన్నీ చూడాలంటే ఒక్కో చోట గంట, గంటంబావు. ఒక ఇంజన్ ముందు నిలబడి దాని కార్బొరేటర్ ఎక్కడ కూర్చుందో చూస్తూ పావుగంట గడిపే మనిషి మీరు. మీకు ఆ పరుగు పనికిరాదు.

నేను మూడేళ్ళ కిందట డుకాటీ మ్యూజియం చూశాను. అక్కడ నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది రేసు బండ్లు కాదు, కుచ్చోలో అనే చిన్న ఇంజన్. 48 సీసీ, ఫోర్ స్ట్రోక్. మామూలు సైకిల్ ఫ్రేముకి, పెడల్స్ దగ్గర బిగించేది. సైలెన్సర్ శబ్దం కుక్కపిల్ల మొరిగినట్టు ఉంటుందని ఆ పేరు పెట్టారు, ఇటాలియన్‌లో కుచ్చోలో అంటే కుక్కపిల్ల. డుకాటీ 1926లో మొదలైంది రేడియో విడిభాగాలతో. 1944లో బాంబులు పడి ఫ్యాక్టరీ నేలమట్టమైంది. యుద్ధం అయ్యాక జనం దగ్గర కారు కొనే డబ్బు లేదు, సైకిలే ఉంది. 1946 నుంచి ఆ సైకిల్‌కి బిగించే ఈ ఇంజన్ తయారు చేస్తూ కంపెనీ మళ్ళీ లేచింది. వాల్వుని స్ప్రింగుతో కాకుండా ఇంకో రాకర్‌తో వెనక్కి లాగి మూసే డెస్మో పద్ధతి తర్వాతి కాలంలో ఇంజనీరు ఫాబియో తల్యోని చేతుల్లో డుకాటీకి వచ్చింది. మీకు నేను చెప్పేదేముంది, చూడగానే మీకే అర్థమవుతుంది.

మీ పోస్టర్‌లోని 916 వచ్చింది 1994లో. దాని రూపకర్త మస్సిమో తంబురీని. రిమినిలో ఇళ్ళకి హీటింగ్ పైపుల పని చేసుకుంటూ బైకుల్లోకి వచ్చిన మనిషి ఆయన. సీటు కింద నుంచి వచ్చే ఆ రెండు సైలెన్సర్లూ, వెనక చక్రాన్ని ఒకే పక్క పట్టుకునే ఆ స్వింగ్‌ఆర్మ్ దగ్గర నుంచి చూడటానికి మీకు ఒక పూట పూర్తిగా కావాలి.

కాబట్టి నా ప్లాన్ రెండు రోజులు. మొదటి రోజు డుకాటీ మాత్రమే. సిటీ బస్సులో వెళ్ళిపోవచ్చు. అక్కడ మ్యూజియంతో పాటు ఫ్యాక్టరీ టూర్ కూడా తీసుకోండి, దీనికి మాత్రం వెనకాడొద్దు. మొత్తం ట్రిప్‌లో మీరు పెట్టే అతి మంచి ఖర్చు ఇదే. అద్దాల్లో పెట్టిన బండి ఎవరైనా చూస్తారు, బండి బిగిస్తున్న లైను చూసి అర్థం చేసుకునేది మీలాంటి వాళ్ళే. మ్యూజియం, ఫ్యాక్టరీ కలిపి మనిషికి 40 యూరోలు వేసుకున్నాను. ఫ్యాక్టరీ లోపల ఫొటోలు తీయనివ్వరు, ముందే తెలిసి ఉంటే మంచిది.

రెండో రోజు రైల్లో మోదెనా. బొలోన్యా నుంచి అరగంట. ఎంజో ఫెరారీ 1898లో పుట్టింది ఆ ఊళ్ళోనే. అక్కడి మ్యూజియం కప్పు పసుపుపచ్చటి కారు బానెట్‌లా ఉంటుంది. అక్కడి నుంచి బస్సులో మారనెల్లో, ఇరవై కిలోమీటర్ల లోపే. రెంటికీ కలిపి ఒకే టికెట్ దొరుకుతుంది, దానికీ 40 యూరోలు వేశాను. అంటే ముగ్గురికీ అన్ని టికెట్లూ 240 యూరోలు, 25,200 రూపాయలు. గోల్డ్ లోన్ వడ్డీ 30 వేలని పైన చెప్పాను కదా. రైళ్ళూ బస్సులూ 75, రెండు మధ్యాహ్నాల భోజనాలు 75 కలిపితే 390. రెండో రోజు కోసం అదనంగా ఉండే రాత్రికి 130 యూరోలు కలిపినా 520, అంటే 54,600 రూపాయలు. వాళ్ళడిగినదానికీ దీనికీ 87 వేల తేడా. మీకది నాలుగు నెలల ఆర్‌డీ కన్నా ఎక్కువ.

ఈ ప్లాన్‌లో లంబోర్గిని లేదు, నాకు తెలుసు. అక్కడికి బస్సులో వెళ్ళి రావడానికి చాలా టైం పోతుంది. చూడాల్సిందే అనుకుంటే మూడో రోజు పొద్దున టాక్సీ మాట్లాడుకోండి, చేతి ఖర్చుల్లోంచి పెట్టొచ్చు. ఒక జాగ్రత్త: లంబోర్గిని పేరుతో రెండు మ్యూజియాలు ఉన్నాయి. సాంత్ ఆగాతలో ఉన్నది కార్ల కంపెనీది. ఫూనో అనే ఊళ్ళో ఉన్నది వ్యవస్థాపకుడు ఫెరుచ్చో లంబోర్గిని కుటుంబానిది, ఆయన మొదట తయారుచేసిన ట్రాక్టర్లు కూడా అందులో ఉంటాయి. పేరు చూసి ఒకటి బుక్ చేసి ఇంకో చోటికి వెళ్ళేవాళ్ళు ఉంటారు.

కారు అద్దెకి తీసుకుందాం అని మీ అబ్బాయి అంటాడేమో. ఆ పని నేను చేశాను. బొలోన్యా పాత ఊళ్ళో బయటి కార్లు రాకూడని వీధులుంటాయి, కెమెరాలు నంబర్ ప్లేటు చదువుతాయి. నేను హోటల్ వెతుక్కుంటూ ఒక వీధిలోకి తిరిగాను. నాలుగు నెలలయ్యాక అద్దె కంపెనీ నా కార్డులోంచి సర్వీసు చార్జీ లాగింది, ఆ తర్వాత అసలు ఫైన్ విడిగా వచ్చింది. ఇంటికొచ్చి లెక్కలన్నీ మూసేశాక వచ్చే ఖర్చు చాలా చిరాకు పెడుతుంది. మీ లైసెన్సుతో అక్కడ నడపాలంటే ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా కావాలి. రైలే హాయి.

మారనెల్లో మ్యూజియం బయట ఇంకో ఆకర్షణ ఉంటుంది. ఫెరారీ పది నిమిషాలు మీరే నడపండి అని పిలుస్తారు, వంద యూరోల పైమాటే. నడపాలని ఉంటే నడపండి, కానీ సంతకం చేసే ముందు ఒక్క ప్రశ్న అడగండి: గీత పడితే నా జేబులోంచి ఎంత? ఇన్సూరెన్స్ ఉన్నా మొదటి కొన్ని వేల యూరోలు మీ మీదే ఉండొచ్చు. ఆ అంకె కాగితం మీద చూపించకపోతే పక్కన నిలబడి ఫొటో దిగి వచ్చేయండి.

డబ్బు కారిపోయే చోట్లు ఇంకో రెండు. మామూలు క్రెడిట్ కార్డు విదేశంలో వాడితే చాలా బ్యాంకులు 3.5 శాతం దాకా మార్కప్ అనే అదనపు చార్జీ, దాని మీద 18 శాతం జీఎస్‌టీ వేస్తాయి. వెయ్యి యూరోలు గీకితే 4,300 రూపాయలు ఊరికే పోతాయి. మార్కప్ లేని కార్డు ఒకటి ఇప్పుడే తీసుకోండి. షాపులో మెషీన్ రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కండి. రెండోది, ఇక్కడి ట్రావెల్ ఏజెంటు దగ్గర విమానం, హోటల్ అన్నీ కలిపి ప్యాకేజీగా కొంటే టీసీఎస్ అని ముందే కొంత పన్ను పట్టుకుంటారు. రిటర్న్ వేసినప్పుడు అది మీ పన్నులో సర్దుబాటవుతుంది, మిగిలితే వెనక్కి వస్తుంది, కానీ అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కుంటుంది. రేటు ఈ మధ్య మారుతూ వస్తోంది, కొనే రోజు అడగండి. విమానం టికెట్ ఒక్కటే కొంటే ఈ బాధ లేదు.

వీసా జర్మనీకి పెట్టండి, ఎక్కువ రోజులు ఉండేది అక్కడే కాబట్టి. అది షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకి ఉమ్మడిది, దానితోనే ఇటలీ వెళ్ళొచ్చు. ఫీజు మనిషికి 90 యూరోలు, సర్వీసు చార్జీ వేరే. 30 వేల యూరోలకి తగ్గని మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అబ్బాయికి జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంటుంది, వాడికి వేరే వీసా అక్కర్లేదు.

మీ ఆవిడ గురించి మీ ఉత్తరంలో ఒక్క మాటా లేదు. రెండు రోజులూ ఇంజన్లే చూడమంటే ఆమెకి ఎలా ఉంటుందో ఒకసారి అడగండి. డుకాటీ రోజున ఆమె బొలోన్యా పాత ఊరు చూస్తానంటే ఒక టికెట్ మిగులుతుంది. అక్కడ వీధుల పొడవునా పందిరిలాంటి వరండాలుంటాయి, ఎండావానా తగలకుండా ఎంతసేపైనా నడవొచ్చు. యునెస్కో వాళ్ళు 2021లో వాటిని వారసత్వ జాబితాలో చేర్చారు.

ముందుగా చేయాల్సినవి రెండు. ఈ నెలలో బ్యాంకుకి వెళ్ళి ఆర్‌డీలు రెండూ తెరవండి. మార్చిలో విమానం టికెట్లు కొనే ముందే మీ అబ్బాయి చేత డుకాటీకి మెయిల్ పెట్టించి, ఫ్యాక్టరీ టూర్ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కోండి. శనాదివారాల్లో లైను నడవదు కాబట్టి బొలోన్యా రోజులు వారం మధ్యలో పడాలి. ఆ తేదీ ఖాయమయ్యాకే మిగతావన్నీ దాని చుట్టూ బుక్ చేయమనండి. గైడు ఇంగ్లీషులో చెప్తాడు, అబ్బాయిని మీ పక్కనే నడుస్తూ తెలుగులో చెప్పమనండి. ఇంజన్ల దగ్గరికి వచ్చాక వాడికి మీరే చెప్పాల్సి వస్తుంది.